మైకు వినగానే జీడితోటకి

టెక్కలిలో బీఎడ్ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసే ఎత్తులన్నీ పాఠ్యపుస్తకంలో ఉంటాయి. ఉన్నదాన్ని లేదనడం, సాకులు వెతకడం, ఒకరి మీద కోపం ఇంకొకరి మీద తీర్చుకోవడం. పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు. నాకు మాత్రం అవి మా మేనమామ ఇంట్లో తిరుగుతూ కనిపిస్తాయి. అందుకే సెలవు దొరికితే చాలు, వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే బస్సెక్కేస్తాను.

మావకు కొంత కొబ్బరి, కొంత జీడి ఉన్నాయి. నడుం నొప్పని కొట్లో బిళ్లలు కొనుక్కుని మింగుతుంటాడు. వాళ్ల అన్నయ్య, అంటే మా పెద్దమావ, కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఇంటింటా కిడ్నీ జబ్బులుండే మా ఉద్దానంలో అలాంటి మనిషి ముందుగా చేయించుకోవాల్సింది రక్తపరీక్ష. మావ చేయించుకోనిది అదొక్కటే. ఆ నొప్పి ఉత్త నడుం నొప్పో, ఇంకేమైనానో తెలియక అత్త లోలోపల నలిగిపోయేది.

రక్తపరీక్షల బండి అప్పుడప్పుడు ఊళ్లోకి వచ్చి బడి దగ్గర ఆగుతుంది. మైకులో పిలుస్తారు. ఆ గరగర చెవిన పడగానే మావ కత్తి పట్టుకుని జీడితోటకి వెళ్లిపోతాడు. అక్కడివరకు నాకు అర్థమయ్యేదే. ఒకరోజు వచ్చింది ఉల్లిపాయల ఆటో. ఉల్లిపాయల మాట ఇంకా రానేలేదు, గరగరకే మావ లేచి కత్తి అందుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఉల్లిపాయల ధర వినపడ్డాక, ఏమీ ఎరగనట్టు వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎక్కడికి మావా బయల్దేరావు?"

"తోటలో పనుందమ్మీ."

"మరి కూచున్నావేటి?"

"అయిపోనాది."

నాకు నవ్వు ఆగలేదు. గంట వినగానే నోరూరే కుక్క గురించి ఏటేటా పాఠం చెబుతాను కానీ, ఇంత అచ్చంగా కళ్లారా ఎప్పుడూ చూడలేదు. మావ మీద కోపం రావాల్సింది పోయి, ఇది ఆయన ఎక్కడ నేర్చుకున్నాడా అని కుతూహలం పట్టుకుంది. మర్నాడు టీ తాగుతుండగా అడిగేశాను.

"మన ఈదిలో పరీక్ష సేయించుకున్నోలకే జబ్బొచ్చింది. సేయించుకోనోడికి వచ్చిందని ఒక్కడైనా సెప్పినాడేటి, నువ్వు సెప్పు?" అన్నాడు మావ.

తప్పు పట్టడానికేమైనా ఉందా చెప్పండి! పరీక్షే చేయించుకోనివాడికి జబ్బుందని ఎవరు చెబుతారు? మావ చూసిన వరస అదే. బండి వచ్చింది, పక్కింటాయన వెళ్లి రక్తమిచ్చాడు, కొన్నాళ్లకు పలాసలో డయాలసిస్‌కి తిరగడం మొదలుపెట్టాడు. ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి మనసు రెంటికీ ముడేసేసింది. పైగా పారిపోయిన ప్రతిసారీ తోటలో ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయి రుచి మరిగితే అలవాటు ఇంకా ముదురుతుంది.

ఇదంతా అత్తకు ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ చాటలో జీడిపప్పు పోసుకుని పొట్టు తీస్తోంది.

"మీ మావకి భయమంటే ఒప్పుకోడు. నాకు భయమని సెప్తానుండు" అంది.

మళ్లీ బండి వచ్చినరోజు నేనక్కడే ఉన్నాను. మావ లేచేలోపే అత్త గుమ్మానికి అడ్డంగా కూలబడింది.

"బావా, నాకు కళ్లు తిరుగుతన్నాయి. రగతం సూపించుకోవాల. సూదంటే నాకు సచ్చే భయం, నువ్వు తోడు రాపోతే నానెల్లను."

అత్త భయపడితే మావ శూరుడైపోతాడు, అది మా ఇళ్లలో అందరికీ తెలుసు. "ఓసోసి, సూదికే భయమేటే!" అని బడిదాకా వెక్కిరిస్తూనే నడిపించాడు. అక్కడికెళ్లాక అత్త చేతిని కొంగులో దాచేసుకుంది. మావకు ఇక తప్పలేదు. "ఇటు సూడు, ఇంతే కదేటి" అంటూ చొక్కా మడిచి తనే ముందు కూర్చున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు గానీ చెయ్యి మాత్రం కదలనివ్వలేదు. తర్వాత అత్త కూర్చుంది. సూది దిగుతున్నప్పుడు మావ భుజం మీదుగా నాకు కన్నుగీటింది. ఇంటికొచ్చాక ఇద్దరం వంటింట్లో దూరి, నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

తర్వాతి ఆదివారం ఫలితం తెలుస్తుందని నేనూ వెళ్లాను. ఊరి ఆశా కార్యకర్త వచ్చింది. మావకు ఏమీ లేదని, ఆ నొప్పి బిళ్లలు మాత్రం మానేయమని చెప్పింది. అత్త దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. ఆ అమ్మాయి ఇంకా కదల్లేదు.

"పిన్నీ, నీ రగతంలోనే కిడ్నీ నంబరు ఎక్కువొచ్చింది. పలాస ఆసుపత్రికెల్లి మల్లీ సూపించుకోవాల" అంది.

మావ లేచి, ఆటో పిలుస్తానని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

అత్త మాత్రం చాట ముందేసుకుని కూర్చుని పొట్టు తీయడం మొదలుపెట్టింది. అది ఏ ఎత్తో నాకు తెలుసు, మొదటి పాఠమే అది. తెలిసి ఏం లాభం, నాకు ఏడుపొస్తోంది. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లే అత్తా. మావ ఆటో తెత్తన్నాడు."

"నానెందుకే? నాకేటీ నేదు." చెయ్యి విడిపించుకుని నావైపు చూసింది. నవ్వుదామని చూసింది గానీ నవ్వు రాలేదు. "మీ మావని కూకోబెట్టడానికి ఉత్తుత్తికే కదే నానిచ్చినాను. నువ్వూ సూసినావు కదా పిల్లా. ఆ రగతాన్ని కూడా లెక్కేత్తారేటి?"