కప్పు తట్టి చూశాకే కరీంనగర్

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు గోదావరిఖనిలో మా ఇల్లు ఎంత ఊగేదంటే, అటక మీది ఇత్తడి బిందె నడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేది. నడుచుకుంటూ రాలేదులెండి. గిన్నెల మూతలు గలగలమనేవి, అంతే. గోడకు పగులు మాత్రం నిజం. అందులోంచి పిల్లి దూరుతుందని టీ కొట్టు దగ్గర చెప్పేవాణ్ణి. దూరింది బల్లి. అదీ పిల్ల బల్లి.

మాకు ఆ పేలుడే గడియారం. అది వినపడే వేళకు నా భార్య ఒక చెయ్యి గిన్నెల అర మీద ఆనించి, రెండో చేత్తో పొయ్యి మీద చాయ్ పెట్టేది. కాసేపటికి దుమ్ము దిగేది, ఆమెకు దగ్గు మొదలయ్యేది. మొదట్లో చాయ్ మరిగేదాకా దగ్గేది. పోను పోను చాయ్ తాగడం అయిపోయినా ఆగేది కాదు. దవాఖానలో డాక్టరు చాలాసేపు ఆమె ఛాతీ మీద స్టెత్ పెట్టి విని, "మందులతోటి సగమే తగ్గుతదమ్మా. దుమ్ము లేని జాగల ఉండాలె" అన్నాడు.

బయటికొచ్చి చెప్పులేసుకుంటూనే ఆమె తేల్చేసింది. "కరీంనగర్ పోదాం. మా చెల్లె వాళ్ల ఇంటి పక్కకే ఒక ఫ్లాటు కిరాయికి ఉన్నదట."

"అక్కడ ఎండలెక్కువే" అన్నాను.

రామగుండం ఎండలో పుట్టి, పెరిగి, తల నెరిసినవాడు ఈ మాట అనాలంటే చాలా గుండె కావాలి. ఆమె దగ్గుతూనే నవ్వింది. "ఇంకోటి చెప్పు."

ఇంకోటి చెప్పాను. అక్కడి నీళ్లు నాకు పడవన్నాను. ఆ ఊళ్లో తాగేదీ గోదావరి నీళ్లేనంది. దోమలన్నాను. మన ఇంట్లో ఉన్నవి ఏమన్నా చుట్టాలా అంది. చివరికి అసలు సంగతి నోరు జారింది.

"అక్కడ నన్నెవడు గుర్తుపడతడే? ఇక్కడ నేను టీ కొట్టుకు పోతె పదిమంది లేచి నిలవడతరు."

"నువ్వు కథ మొదలువెడ్తవని లేస్తరు" అంది. "గుర్తువట్టకపోతె నీకే మంచిది గదా. కొత్తోళ్లు దొరుకుతరు. ఆ కప్పు కథ మల్ల మొదటికెళ్లి చెప్పుకోవచ్చు."

ఆ మాట నాకు గుచ్చుకుంది, నచ్చింది కూడా. కప్పు కథంటే ఏమిటో మీకు చెప్పాలి. బాయి లోపల, అంటే భూమి అడుగున బొగ్గు గనిలో, మా నెత్తి మీద ఉండే రాతిని మేము కప్పు అంటాం. రిటైరయ్యేదాకా దాని కింద కర్ర దుంగలు నిలబెట్టడం నా పని. దుంగ పెట్టే ముందు కర్రతో కప్పును తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగిందా, అక్కడ నిలబడకూడదు. ఒకరోజు కప్పు కూలబోతుంటే నేనొక్కణ్ణే దుంగ కింద భుజం పెట్టి, షిఫ్టులో వాళ్లంతా బయటపడేదాకా మోశాను. ఇదీ కథ. టీ కొట్టు దగ్గర దీన్ని ఎన్నిసార్లు చెప్పానంటే, నేను "ఆ రోజు" అనగానే టీ కొట్టాయన, "భుజం వెట్టినవు, చాయ్ తాగు కాకా" అనేవాడు. అలాంటిచోట కళాకారుడు ఎలా బతుకుతాడు?

ఫ్లాటు చూసొద్దామని బస్సెక్కాం. ఊరు మారదామన్నది ఆమె. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమె ఆధార్ కార్డు చూపించింది, టికెట్టు కొన్నది నేను. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర లారీల దుమ్ముకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పెద్దపల్లి దాటాక తీసేసింది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తూ అది చూశాను.

ఫ్లాటు రెండో అంతస్తులో ఉంది. ఓనరు బక్కపలచని మనిషి, చేతిలో తాళాల గుత్తి. ఆమె గదులు చూడ్డానికి లోపలికి వెళ్లింది. నేను హాల్లోనే నిలబడి ఆయనకు కప్పు కథ అందుకున్నాను. కొత్త చెవులు! ఆయన నోరు తెరిచి "అబ్బో!" అన్నాడు. ఆ "అబ్బో" కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో! ఆ ఊపులో షిఫ్టు మొత్తాన్నే కాదు, ఒక ఆఫీసరును కూడా కాపాడేశాను. ఆ ఆఫీసరు ఆ రోజు లోపలికే దిగలేదు.

కథ అయ్యాక మూలనున్న బూజు కర్ర తీసుకుని, అలవాటు కొద్దీ పైకి చూస్తూ తట్టడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నవు పెద్దాయనా?"

"కప్పు చూస్తున్న."

"అయ్యో, అది స్లాబు!"

"స్లాబైతేంది, రాయైతేంది? కిందున్న తలకాయ ఒక్కటే గదా."

అప్పుడే పైనుంచి 'ధన్' అని ఒక్క దెబ్బ వినపడింది. నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. బాయిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగేటప్పుడు గంట సైగలుండేవి. ఒక్క దెబ్బ కొడితే ఆపమని. నాకు అనుమానం వచ్చి మళ్లీ తట్టాను. మళ్లీ ఒక్కటే 'ధన్'. పట్నపోడైతే ఈపాటికి దిగొచ్చి తిట్టేవాడు. సైగ చేశాడంటే వీడు మనోడే!

మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపులో ఒక ముసలాయన, లుంగీ, బనీను, చేతిలో ఊతకర్ర.

"ఎవడ్రా నా కాళ్ల కింద తట్టేది... బావా! నువ్వా?"

నాతో ఒకే షిఫ్టులో టబ్బులు లాగే మిషన్ నడిపినవాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. రిటైరయ్యాక ఎటుపోయాడో తెలియలేదు. ఇదిగో, నా నెత్తి మీదే ఉన్నాడు. మేమిద్దరం ఒకరి వీపు ఒకరు చరుచుకుంటుంటే ఓనరు ఉత్సాహం ఆపుకోలేకపోయాడు.

"మీరు గూడ ఆ రోజు ఉన్నరా? ఈయన భుజం మీద కప్పు మోసిండట గదా!"

నేను బావ వైపు కళ్లతో బతిమాలుతూ చూశాను. బావకు ఆ చూపు అందింది. అందినా ఆగలేదు.

"మోసుడా? కర్రతోటి తట్టిండు, డొల్లగ మోగింది. 'ఉరుకుండ్రి' అని ఒర్రిండు. అందరికన్న ముందు ఉరికింది తనే! ఒక బూటు ఆడనే ఇడిసిండు. ఈ బావ ఉరుకుడు చూసి మేం ఉరికినం."

ఓనరు తాళాల గుత్తి గలగలలాడేలా నవ్వాడు. బావ కూడా నవ్వి, ఊతకర్ర నేలకు ఆనించి, కొంచెం తగ్గిన గొంతుతో అన్నాడు. "కాని ఆయన ఉరకకుంటె ఇయ్యాల నేను పైయింట్ల ఉండేటోణ్ణి కాదు."

ఆ రెండో మాట అప్పుడు నా చెవికెక్కలేదు. కథ పోయిన కోపం. "పోదాం పదవే, ఈ ఇల్లు మనకొద్దు" అంటూ లోపలి గదిలోకి నడిచాను.

ఆమె కిటికీ దగ్గర, వట్టి గచ్చు మీద, సంచి తల కింద పెట్టుకుని నిద్రపోతోంది. అది మా ఊళ్లో పేలుడు వేళ. ఆ వేళప్పుడు ఆమె నిద్రపోగా నేను చూసి ఎంతకాలమైందో గుర్తు రాలేదు. గిన్నెల మీద ఉండే చెయ్యి పక్కన వదులుగా పడి ఉంది. దగ్గుతుందేమోనని ఎదురుచూశాను. దగ్గలేదు.

మునివేళ్ల మీద హాల్లోకి వచ్చాను.

"ఏమైంది? ఇల్లు నచ్చలేదా?" అన్నాడు ఓనరు.

"మెల్లగ మాట్లాడు" అన్నాను. "కప్పు గట్టిదే. తీసుకుంటున్నం."

ఊరికి తిరిగి వెళ్లి టీ కొట్టు దగ్గర ఆ నిర్ణయం పూర్తిగా నాదేనని, ఆమె ఏడుస్తుంటే నేనే ఒప్పించానని చెప్పాను. టీ కొట్టాయన ఒక మాట కూడా నమ్మలేదు. అయినా ఆ రోజు నా కథ ఆఖరుదాకా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా చాయ్ తాగు కాకా అనలేదు. నేను అరగంటసేపు ఏడ్చాను. అరగంట కాదు. ముక్కు ఒకసారి చీదాను.

ఇక్కడికి వచ్చాక బావకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. బావ తన కుంటికాలు గురించి, తాడు తెగిన టబ్బులకు అడ్డంపడి ఆపినప్పటి దెబ్బ అని ఈ వీధంతా చెప్పుకున్నాడు. నిజానికి కంపెనీ క్వార్టర్‌లో నల్లా దగ్గర పాచి మీద జారిపడ్డ సంగతి నాకు తెలుసు. నేను ఆ నల్లా ఊసెత్తను, బావ నా బూటు ఊసెత్తడు. మరీ మితిమీరితే మాత్రం పైనుంచి ఊతకర్రతో సైగ చేస్తాడు.

నా భార్యకు దగ్గు పూర్తిగా పోయిందని ఇక్కడ రాశాను. రాసింది మధ్యాహ్నం చాయ్ వేళ ఆమెకు గట్టిగా చదివి వినిపించాను. "పూర్తిగ ఏడ వోయింది? సగం వోయింది. సక్కగ రాయి" అంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతూ. కొట్టేసి, గట్టిగా పైకి చదువుతూనే సగం అని రాశాను. కాని సగమంటే మామూలు సగం కాదు, మా గోదావరి సగం ఎండితే ఎంత ఇసుక బయటపడుతుందో అంత...

'ధన్.'

సరే బావా, ఆపుతున్న.