మోకాళ్ళ మాస్టరు

తిరుపతిలో మా అమ్మాయి వెళ్ళే కరాటే క్లాసులో నేలంతా నీలం రంగు రబ్బరు పట్టలు పరిచి ఉంటాయి. పోయిన ఆదివారం ఆమెను తీసుకురావడానికి కాస్త ముందుగా వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల ఎవరో "సేజా" అని అరిచారు. పిల్లల మోకాళ్ళు వరసగా ఆ పట్టల మీద ఆనాయి. తడి బట్టలు బండ మీద పడినట్టు మెత్తటి చప్పుడు. నా పిక్కల్లోకి తిమ్మిరి పాకినట్టయింది. పక్కన నిలబడినాయన చిత్తూరు మనిషి. తన కొడుకును చూసి నవ్వుతూ నాతో మాట కలిపాడు.

"మా ఊర్లో ఒకడుండె అప్పా, మోకాళ్ళ మాస్టరని. పిల్లోణ్ణి గులకరాళ్ళ మీద కూసోబెట్టి కాలిరగ్గొట్టినాడు. కడాకు ఆ పిల్లోడి నాయన కాళ్ళ మీద బడి, ఊరిడిసి పొయినాడు."

"నేనూ విన్నాను," అన్నాను.

వినడం కాదు, నేను అక్కడే ఉన్నాను. ఆ మాస్టరు పేరు మునిరత్నం. ఆ పేరు ఊరు మరిచిపోయింది, వెక్కిరింత పేరు మాత్రం మిగిలింది. అది ఆయనకు అంటింది నా వల్ల. ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్ళకు కూడా ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను.

సారుది పలమనేరు. మద్రాసులో పనిచేసే రోజుల్లో కరాటే నేర్చుకుని, చిత్తూరు వచ్చి, ఒక మామిడికాయల మండీ షెడ్డులో క్లాసు పెట్టారు. కాయల కాలం అయిపోతే షెడ్డు ఖాళీగా ఉండేది. మూలల్లో మిగిలిన వరిగడ్డి, మాగిన కాయల తీపి వాసన, గరుకు సిమెంటు నేల మీద ఒక పాత టార్పాలిన్. మొదటి రోజు ఆయన "సేజా" అని నన్ను మోకాళ్ళ మీద కూర్చోమన్నప్పుడు నేను బిక్కమొహం వేశాను. మా బడిలో ఎక్కాలు రానివాళ్ళను అలా కూర్చోబెట్టేవాళ్ళు.

"నేనేం తప్పు జేసినాను సార్?" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "తప్పు జేసినోడు కూసునేది గాదురా ఇది. మర్యాద తెలిసినోడు కూసునేది. ఎడమ మోకాలు ముందు ఆనించు. లేసేటప్పుడు కుడికాలు ముందు. ఎందుకంటావా? ఎడమపక్క కత్తి ఉండేదంట, అది దూసేదానికి అడ్డం రాకుండా."

"మనకాడ కత్తి లేదు గదా సార్."

"కత్తి లేకుంటేనేం, పద్ధతి ఉండాది."

మేము వంగినప్పుడు ఆయనా మాకు ఎదురుగా కూర్చుని వంగేవారు. అది మాకు వింతగా ఉండేది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు తల వంచడం మేమెక్కడా చూడలేదు. ఒక పిల్లాడు నుదురు నేలకు తాకించి పొర్లుదండాలు పెట్టేవాడిలా పడిపోతే, ఆయన వాడి భుజం పట్టి లేపారు. "ఇది మొక్కుబడి గాదు నాయనా. నువ్వు నాకు మొక్కేది లేదు, నేను నీకు మొక్కేది లేదు. నీ ఒళ్ళు నాకు అప్పజెప్పినావు, నా విద్దె నీకు అప్పజెప్పినాను. దానికి ఇద్దరమూ వంగుతాం, అంతే."

కొన్నేళ్ళకు నేను వరసలో కుడి చివర కూర్చునే సీనియర్ని అయ్యాను. కూర్చోమని, వంగమని కేక వేసేది నేనే. ఆ కేకకు అంతమంది ఒక్కసారి మోకాళ్ళు వంచుతుంటే నాకు మత్తుగా ఉండేది. పిల్లలు ఆయన్ను సారు అనేవాళ్ళు, నన్ను అన్న అనేవాళ్ళు. ఆయన ఊళ్ళో లేనప్పుడు నన్ను కూడా సారు అనే పిలవాలని వాళ్ళకు గట్టిగా చెప్పాను. ఈ సంగతి ఆయనకు తెలియదు.

ఒకసారి వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని ఆయన పలమనేరు వెళ్ళారు. క్లాసు నాకు అప్పజెప్పారు. పిల్లలకు చేసి చూపిస్తూ ఒక అడుగు తప్పి తూలాను. జవుళి కొట్టు సుబ్బరామయ్య కొడుకు చరణ్ కిసుక్కున నవ్వాడు. పదేళ్ళ పిల్లాడు. వాడి నవ్వు మిగతావాళ్ళకూ అంటుకుంది. నాకు చెవులు కాలిపోయాయి. వాణ్ణి బయటికి లాక్కెళ్ళి, లారీలకు బుట్టలెత్తే గట్టు మీద, గులకరాళ్ళలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను.

"సార్, నొస్తా ఉండాది సార్," అన్నాడు వాడు.

"ఇదీ సేజానే. కదిల్తే సూడు," అన్నాను.

క్లాసు ముగించి, టీ తాగి, కబుర్లు చెప్పి వచ్చేసరికి వాడింకా అలాగే ఉన్నాడు. లేవమన్నాను. కాళ్ళు మొద్దుబారి ఉన్నాయేమో, లేవబోయి గట్టు మీంచి కిందపడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. వాణ్ణి పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు.

సారు తిరిగి వచ్చిన సాయంత్రమే సుబ్బరామయ్య నలుగురిని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. మేమంతా వరసలో నిలబడి ఉన్నాం.

"నా బిడ్డను మోకాళ్ళ మీద కూసోబెట్టేదానికి నువ్వెవురప్పా? మేం కొట్టి ఎరగం వాణ్ణి!"

సారుకు ఏమీ అర్థం కాలేదు. "ఎవురు కూసోబెట్టినారంట అన్నా?"

"సారు కూసోబెట్టినాడని వాడే జెప్పినాడు. నీకన్నా ఇంకెవురున్నారు ఈడ సారు?"

ఆయన తల తిప్పి నా వైపు చూశారు. నేను నా బెల్టు ముడి చూసుకున్నాను. పిల్లలందరికీ తెలుసు. వాళ్ళు నన్ను చూసి భయపడి నోరెత్తలేదు. నేను ఎవరినీ చూడలేదు.

"అవునన్నా," అన్నారు సారు. "ఈడ సారు నేనే."

ఆ మాట అని ఆయన ఎడమ మోకాలు ఆనించారు, తర్వాత కుడిది. చేతులు నేల మీద పెట్టి, మాకు రోజూ నేర్పినట్టే, నడుము నిటారుగా ఉంచి వంగారు. బిడ్డను అప్పజెప్పిన తండ్రికి అప్పజెప్పించుకున్నవాడు వంగడం అది. సుబ్బరామయ్య వెనకనుంచి ఎవడో అరిచాడు. "సూడండ్రా, కాళ్ళ మీద పడినాడు!" నవ్వులు. సీనియర్ని నేను. ఆయన వంగితే పక్కన కూర్చుని అందరికంటే ముందు వంగాల్సింది నేను. ఆయన ఒక్కడే నేల మీద ఉన్నంతసేపూ నేను నిలబడే ఉన్నాను.

మండీవాళ్ళు షెడ్డు ఇక ఇచ్చేది లేదన్నారు. సారు ఊరు వెళ్ళిపోయి ఆవులు పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే, ఎదురు వాదించి నాకు నేను సర్ది చెప్పుకునేవాణ్ణేమో.

పెళ్ళయ్యాక ఒకసారి పలమనేరు వెళ్ళాను. ఆయన పాలక్యాను కడుగుతున్నారు. ముందు నన్ను గుర్తుపట్టలేదు, పట్టాక చేతులు తుడుచుకుని నవ్వారు. ఆ తడి నేల మీదే ఎడమ మోకాలు ఆనించబోయాను. ఆయన గబుక్కున నా మోచెయ్యి పట్టుకున్నారు.

"వొద్దురా. ఆ కూసునేది దీనికి గాదు. తప్పు నిలబడి జెప్పల్ల. నాకు జెప్పేదేముంది, నాకు తెలుసు గదా. ఆ పిల్లోడి నాయనకు జెప్పు."

"ఈ పొద్దే పోతా సార్."

"పో. కాఫీ తాగి పో."

చిత్తూరులో బస్సు దిగి తిన్నగా జవుళి కొట్టుకే వెళ్ళాను. గల్లా దగ్గర సుబ్బరామయ్యే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. "రా అప్పా, ఏం గావాల్న?" అన్నాడు ఆప్యాయంగా. ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాను. చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

"తువ్వాలు," అన్నాను.

సుబ్బరామయ్య ఇప్పుడు లేడు. సారూ పోయారు. చరణ్ ఎక్కడున్నాడో వెతికిస్తున్నాను. ఇది చదివిన చిత్తూరువాళ్ళెవరైనా మోకాళ్ళ మాస్టరు కథ ఇంకోసారి చెప్పేముందు, దయచేసి అందులో మనిషిని మార్చి చెప్పండి. పిల్లాణ్ణి రాళ్ళ మీద కూర్చోబెట్టింది మునిరత్నం సారు కాదు, నేను.

ఆ తువ్వాలు మా ఇంట్లో బీరువా అడుగున మడత విప్పకుండా ఉంది. మా ఆవిడ రెండు మూడుసార్లు దాన్ని వాడకానికి తీయబోతే వద్దని కసిరాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. రేపు దాన్ని బయటికి తీసి, ఈ రాసిందంతా ముందుగా ఆమెకు చదివి వినిపించాలి. మా అమ్మాయిని కూడా పక్కన ఉండమంటాను.