సుడికి ఏ పక్కన వదలాలి

కంకిపాడులో కొందరికి నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. మిగతావాళ్లకి జాకెట్లు కుట్టే రామతులసి గారి భర్తని. రెండో రకమే ఎక్కువ. ఏళ్ల తరబడి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం, తిరిగే ధ్వని కృష్ణబిలాలు. చుట్టాలడిగితే మా ఆవిడ "ఏదో నీళ్ల గురించండీ" అని కాఫీ పెట్టడానికి లేస్తుంది.

నిజానికి నీళ్ల గురించే. నీళ్లు సుడి తిరుగుతూ గుంటలోకి దిగుతుంటే, ఒక హద్దు దాటాక శబ్దం కూడా ఆ వేగానికి ఎదురీది బయటికి రాలేదు. హద్దుకు ఇవతల పోయే శబ్దం, ఆకాశంలో కృష్ణబిలం పక్కన వెలుగు వంగినట్టే వంగుతుంది. సుడి తిరిగే వైపుగా పోతే వంగి బయటపడుతుంది, ఎదురు పక్కనైతే లోపలికే. ఇంత చిన్న ముక్క ఇంట్లో చెప్పలేకపోయాను. చెప్పబోతే ముందు సుద్దముక్క వెతుక్కుంటాను.

పోలి పాడ్యమి తెల్లవారుజామున రామతులసి అరటిదొప్పలో వత్తులు పెట్టుకుని కాలువ రేవుకు బయల్దేరింది. వేసవిలో వాళ్లమ్మ కాలం చేసింది. ఆవిడ పేర వదిలే దీపం కనుచూపు దాటేదాకా వెలగాలని ఆమె ఆశ. బుట్టలో ఇంకో దొప్ప కూడా పెట్టుకుంది, నేనూ వస్తానన్నాను కదా.

రేవు దిగువన పొలాలకు నీళ్లిచ్చే తూము, దాని ముందు చక్కటి సుడి. నాకు అక్కడే దెయ్యం పట్టింది.

"సుడికి ఎడమ పక్కగా వదులు తులసీ. వంగి మళ్లీ కాలువలో పడుతుంది. నా పీహెచ్‌డీ అంతా అదే."

"ఆరిపోదు కదండీ?"

"సిద్ధాంతం ఒప్పుకోదు."

పాపం, నమ్మి వదిలింది. నా కాగితాల్లో సుడి ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. కాలువ నా కాగితాలు చదవలేదు, దానికి ఎదురుగా తిరుగుతోంది. దొప్ప గిర్రున తిరిగి తూములోకి పోయి ఆరిపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. తూము వైపే చూస్తూ నెమ్మదిగా అంది, "ఇన్నేళ్లూ మీరున్నది ఇందులోనేనా అండీ?"

రెండో దొప్ప వెలిగించి, ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగాను. ఏ పక్క అని ఆలోచించకుండా, గట్టు పట్టుకుని తూము దాటేదాకా దీపాన్ని చేత్తోనే మోసి, అప్పుడు వదిలాను. అది వెలుగుతూనే తిన్నగా దిగువనున్న వంతెన కిందనుంచి పోయింది.

గట్టెక్కబోతుంటే రామతులసి చెయ్యి అందించింది. "గట్టిగా పట్టుకోండి. మళ్లీ అటే పోతారు."

ఇంటిదాకా వదల్లేదు.