బంజరు కాదప్పా, బీడు

మొన్న సోమవారం పొద్దున్నే తనకల్లు దగ్గరి ఊరి నుంచి ఫోన్. పెద్దమ్మ కూతురు. "అన్నా, అమ్మ పోయిందన్నా," అని ఫోన్ పెట్టేసింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మట్టి పరీక్షలకు గుంతలు తవ్వడానికి వచ్చిన కూలిమనిషి. నేలను దేనికి వాడితే ఆ మట్టిలోనూ, దాని మీది చెట్టూచేమల్లోనూ కర్బనం ఎంత నిలుస్తుంది, వాడకం మారితే ఎంత గాలిలో కలుస్తుంది అని కంప్యూటర్లో అంచనా కట్టడం నా ఉద్యోగం. నాలుగేళ్లు ఆమె తవ్వింది, నేను సంచులు నింపుకున్నాను. పిడికెడు మట్టి వాసన చూసి, "ఈడ చెనక్కాయ ఏసి ఏసి అలిసిపోయిండాది నేల," అనేది. ప్రయోగశాల చెప్పేదీ అదే, కాకపోతే మూడు నెలల తర్వాత.

గుంత పూడ్చేటప్పుడు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. అడుగుమట్టి అడుక్కి, పైమట్టి పైకి పోవాలని పట్టుదల. "నీకు తెల్దు, అంతా కలగాపులగం జేస్తావు."

ఊరి వెనక మేకలు మేసే బీడొకటి ఉండేది. ఉపగ్రహం తీసిన ఫోటో ఎండాకాలానిది. అందులో పచ్చదనం కనబడలేదు కాబట్టి నేను దాన్ని ఏమీ మొలవని బంజరని రాసుకున్నాను. అంటే, చదును చేసినా పోయే కర్బనమేమీ లేదని నా లెక్క చెబుతుంది. ఆ మాట వింటూనే పెద్దమ్మ పార కింద పడేసింది.

"బంజరు కాదప్పా, బీడు. పైనించి జూస్తే నా తలకాయ గూడా బంజరే!" పలచబడిన తల వంచి చూపించింది. తర్వాత బోదగడ్డి దుబ్బొకటి వేళ్లతో సహా తవ్వి తీసి నా చేతిలో పెట్టింది. వేళ్లు నా మోచేతిదాకా వచ్చాయి. "పైన లేకుంటే కడుపులో లేదనా?"

"మారుస్తా పెద్దమ్మా," అన్నాను. మార్చలేదు. నివేదిక గడువు దగ్గరపడింది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అది అట్లాగే వెళ్లిపోయింది.

ఈ ఏడు బీడును చదును చేయడానికి బుల్డోజర్లు వచ్చాయి. నా కాగితం చూసే వచ్చాయని చెప్పలేను. వద్దనే మాట మాత్రం అందులో లేదు. ఆ రోజు ఆమే ఫోన్ చేసింది. "తవ్వుతాండారు నాయనా. నువ్వు మార్చినావు గదా?"

"మార్చినా," అన్నాను. నోరెట్లా వచ్చిందో.

"అట్లయితే నీ మాట గూడా ఇన్లేదన్నమాట. బాధపడొద్దులే నాయనా, నువ్వు జేసేది నువ్వు జేసినావు." నన్నే ఓదార్చింది. నిజం చెప్పడానికి వెళ్లాలని ప్రతి ఆదివారం అనుకున్నాను. ఇప్పుడు ఏడవడానికి కూడా నాకు మొహం లేదు.

ఆమెను సాగనంపడానికి, మట్టికి వెళ్లాను. ఇంటి ముందంతా జనం, ఎండలో నిలబడి ఉన్నారు. కూతురు నన్ను చూసి పక్కనున్న ముసలాయనతో అంది, "మన బీడు కోసం కాగితాల్లో కొట్లాడినాయన ఈయనే మామా. అమ్మ చెప్తాండె గదా."

ఆ పెద్దాయన తను కూర్చున్న కుర్చీలోంచి లేచాడు. భుజం మీది తువ్వాలుతో దాని దుమ్ము దులిపి నా వైపు జరిపాడు. "కూర్చోప్పా," అన్నాడు.

అక్కడున్నది అదొక్కటే కుర్చీ. కూర్చున్నాను.