పెంక అన్నది లింగవ్వ, పెంకు అని రాసుకున్నది మేము

1984 జనవరిలో వరంగల్‌లోని మా యూనివర్సిటీ పురావస్తు శాఖ నుంచి నన్ను నెక్కొండ అవతల ఒక పాటిగడ్డ తవ్వకానికి వేశారు. హోదా టెక్నికల్ అసిస్టెంట్. ఆ తవ్వకం గురించి మా శాఖలో ఇప్పటికీ ఒక కథ చెప్తారు. మొదటిసారి కంప్యూటర్ వాడితే అది తప్పు లెక్క ఇచ్చిందట, యంత్రాలంటే పడని స్వరూప మేడం, అంటే నేను, కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్ గారి మీదికి పోయిందట. మీదికి పోయిన మాట నిజం. మిగతాది అబద్ధం. ఆ కంప్యూటర్ ఏ తప్పూ చేయలేదు. మేము చెప్పింది చెప్పినట్టు లెక్కపెట్టి పంపింది. చేతులూ చెవులూ ఉన్నవాళ్లు చేసిన తప్పును నోరు లేని యంత్రం మీద తోసేయడం మా చదువుకున్నవాళ్లకు తేలికైన పని.

పాటిగడ్డ అంటే పాత ఊరు మట్టిలో కలిసిపోయి మిగిలిన దిబ్బ. అందులో ఎక్కువగా దొరికేవి కుండ ముక్కలే. ఏ రోజు ఏ గుంతలో, ఏ పొరలో దొరికినవి ఆ సంచిలో వేసి చీటీ కడతాం. తర్వాత ఆరుబయట గళ్లు గీసి, పొరలవారీగా పరిచి, రకాలు వేరుచేస్తాం. ఆ ఏడు కొత్తగా వచ్చింది కోడింగ్ షీట్. ఎనభై గడుల కాగితం అది. ఒక్కో ముక్కకు ఒక్కో వరస. ఆకారానికి ఒక అంకె, రంగుకు ఒక అంకె, మందానికి ఒక అంకె. ఆ షీట్లు హైదరాబాద్ పోతే అక్కడ అట్ట కార్డులకు చిల్లులు కొట్టి కంప్యూటర్‌కు ఇచ్చేవారు. ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే కోడ్ పుస్తకాన్ని మా ప్రొఫెసర్ గారు విదేశంలో శిక్షణకు పోయినప్పుడు తెచ్చుకున్నారు. అక్కడి వంటింట్లో ఉన్న పాత్రలన్నీ అందులో ఉన్నాయి. మన వంటింట్లోవి ఉన్నాయా అని ఎవరూ చూడలేదు.

షీట్లు నింపే పని లెక్చరర్ మూర్తి గారిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఏడాది కాలేదు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ముక్కలు వేరుచేసేది లింగవ్వ. పక్క ఊరి నుంచి కూలికి వచ్చే ముసలామె. వేలితో అంచు తడిమి ఇది కుండ, ఇది మూకుడు, ఇది గురిగి అని చెప్పేది. చెప్పినకొద్దీ ఆయన తలెత్తకుండా అంకెలు వేసేవాడు.

"ఓ సారూ, ఆ కాయితంల నుంచి జర ఇటు సూడు. ముక్క నా చేతుల ఉన్నది, నీ కలంల లేదు" అని లింగవ్వ అంటే అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. లేచిపోయి ఆ షీటు చూడలేదు. ఆ పాటి తప్పు నాదీ ఉంది. నా పని దూరంగా షెడ్డులో, బొమ్మలు గీయడం. అంచున్న ముక్కలే నా దగ్గరికి వచ్చేవి.

ఆ బొమ్మలే నా పీహెచ్‌డీకి ఆధారం. వంటపాత్రల మీద నా థీసిస్. మూడో అధ్యాయమంతా రొట్టెలు కాల్చే మట్టి పెంకల గురించి. గైడు ప్రొఫెసర్ గారే. శాఖలో ఒక లెక్చరర్ పోస్టు ఖాళీ కాబోతోంది, డాక్టరేట్ ఉంటేనే అర్హత. నేను వేటి మీద ఆశ పెట్టుకున్నానో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఆగస్టులో కంప్యూటర్ కాగితం వచ్చింది. పక్కన చిల్లులతో, చాప పరిచినంత పొడుగు. నేను దాంట్లో నా పెంకల కోసం వెతికాను. ఒక్కటీ లేదు! అసలా వరసే లేదు. ఉన్నదల్లా తొమ్మిదో అంకె కింద ఇంటి కప్పు పెంకులు, అన్నిటికంటే ఎక్కువ. తవ్విన నాలుగు నెలల్లో ఒక్క కూలిన కప్పు కూడా మాకు కనపడలేదే, ఇవెక్కడివి? గోదాములోకి పోయి తొమ్మిది అని రాసిన ముక్కలున్న సంచి విప్పాను. బల్లపరుపు ముక్కలు, కింద మసి. కప్పు మీది పెంకుకు కింద పొయ్యి ఎవరు పెడతారు?

మర్నాడు ప్యాసింజర్ ఎక్కి నెక్కొండలో దిగి లింగవ్వ ఇంటికి పోయాను. ముక్క చేతిలో పెట్టి, మూర్తి సారుకు దీన్ని ఏమని చెప్పినవు అని అడిగాను.

"పెంక అని చెప్పిన. ఇంకేమంటరు బిడ్డా?"

"ఇంటి మీద కప్పేదని రాసుకున్నడు అవ్వా."

ముందు ఆమెకు అర్థం కాలేదు. అయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంటి మీదికి ఏసేది గూన గాదా! ఇది రొట్టె పెంక. గా సారు పెండ్లాం రొట్టె చేస్తలేదా ఏంది, ఇంటి మీద కాలుస్తాందా?" తర్వాత నవ్వు ఆపి అడిగింది: "మల్ల నన్నొక్క మాట అడుగకపోయె. నేను ఆడనే కూసున్న గదా?"

మూర్తి గారి ఊళ్లో రొట్టె కాల్చేది పెనం, పెంకు అంటే ఇంటి కప్పు మీదిది. కోడ్ పుస్తకంలో రొట్టె పెంకకు అంకె లేదు, కప్పు పెంకుకు ఉంది. పుస్తకంలో ఉన్న అంకె వైపే ఆయన చెవి పోయింది. ఒక్క అక్షరం తేడా. దాని మీద ప్రొఫెసర్ గారు అప్పటికే పెద్ద వ్యాసం కట్టేశారు: ఇది పెంకుటిళ్ల పట్టణం, సంపన్నుల ఊరు, కంప్యూటర్ నిరూపించింది. డిసెంబరు సెమినార్‌లో చదవాలి.

సంచి తీసుకుని ఆయన గదికి పోయాను. అంతా విన్నారు. "కంప్యూటర్ ఇచ్చిన టేబుల్‌ను ఒక కూలి మనిషి మాటతో కొట్టేయమంటావా అమ్మా?" అన్నారు.

"ఆ కంప్యూటర్‌కు చెప్పింది కూడా ఆమే సార్. ఆమె సరిగ్గానే చెప్పింది, మనమే సరిగ్గా వినలేదు" అన్నాను. గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను. వరండాలో అటెండర్లు గుమిగూడారు. ఆడమనిషి గొంతు పెరిగితే కథవుతుంది, మగవాడిది పెరిగితే చర్చవుతుంది.

మళ్లీ కార్డులు కొట్టించడానికి కంప్యూటర్ టైం దొరకదన్నారు. ఒకే శాఖ నుంచి రెండు మాటలు బయటికి పోకూడదు కాబట్టి నా మూడో అధ్యాయం తీసేయమన్నారు. నేను తీయలేదు. ఆయన థీసిస్ మీద సంతకం పెట్టలేదు. వ్యాసం చదివారు, చప్పట్లు పడ్డాయి. లెక్చరర్ పోస్టు వేరే ఊరి మనిషికి పోయింది. ప్రొఫెసర్ గారు రిటైరయ్యాక, 1988లో, కొత్త గైడు ఆ సంచులన్నీ విప్పించి, లింగవ్వనూ మూర్తి గారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మళ్లీ లెక్క వేయించారు. మూర్తి గారు తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆ మర్యాద ఆయనకుంది. నా థీసిస్ మూడో అధ్యాయంతో సహా ఆమోదం పొందింది. కానీ తవ్వకం నివేదిక అచ్చయినప్పుడు అడుగున చిన్న అక్షరాల్లో పడిందేమిటి? "కంప్యూటర్ లోపం వల్ల మొదటి లెక్క తప్పింది." లింగవ్వ పేరు ఎక్కడా లేదు.

తర్వాత నా చేతికి వచ్చిన ప్రతి తవ్వకంలో ఒక నియమం పెట్టాను. అంకె వేసేవాడు ముక్కను తన చేత్తో పట్టుకోవాలి. ఆ ఊరివాళ్లు దాన్ని ఏమంటారో వాళ్ల మాటలోనే ఒక గడిలో రాయాలి. రాసింది వాళ్లకు చదివి వినిపించాలి. పని ఆలస్యమవుతుందని చాలామంది గొణిగారు. ఆలస్యమైంది కూడా. యంత్రం ఎంత పెద్దదైనా దానికి చేరేది మనిషి విన్న మాటే. వినడం రాకపోతే వేగం వల్ల జరిగేది తప్పు త్వరగా అచ్చుకెక్కడం, అంతే.

ఒక్కటి మాత్రం నాకు తేలలేదు. ఆ రోజు గదిలో ప్రొఫెసర్ గారు ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. వేళ్లకు అంటిన మసిని జేబురుమాలతో నిదానంగా, ఒక్కో వేలూ తుడుచుకున్నారు. ఆ తర్వాతే, టేబుల్‌ను కొట్టేయమంటావా అని నన్ను అడిగారు. ముప్పై ఏళ్లు కుండ ముక్కలు చూసిన మనిషి, ఆ మసి తుడుచుకునేటప్పుడు అది దేని మసో ఆయనకు తెలుసా, తెలియదా?