తీగ బిగిసిన మాను

"ఆకులు పచ్చగానే ఉన్నాయి కదే, దానికేం రోగం?" అంటున్నాడు బావ.

"పైన పచ్చగానే ఉంటుంది. కింద వేళ్ళు మాడుతున్నాయి," అంది అక్క.

వ్యానులోకి కుండీలు ఎక్కిస్తున్న తమ్ముడు చేతిలోది అలాగే పట్టుకుని ఆగిపోయాడు. మొగుడూ పెళ్ళాల మధ్య తలదూర్చే రకం కాదు. కానీ గొడవ తల్లి నారింజ చెట్టు గురించి. అక్క కట్టే అంట్లన్నీ దాని కొమ్మలవే. అది పోతే నర్సరీ మూసుకోవడమే.

ఆ చెట్టు మొదట్లో రకం పేరు రాసిన రేకు ఉంటుంది, ఇనప తీగతో చుట్టి కట్టింది. మాను లావెక్కే కొద్దీ తీగ వదులు చేయాలి. ఏటా చిగుళ్ళప్పుడు అక్కే చేసేది. కూతురు చనిపోయిన ఏడాది చేయలేదు. ఆ తర్వాతా చేయలేదు. అలాగని మంచం పట్టిందేం లేదు. రోజూ అంట్లు కట్టింది, పలకరించడానికి వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది. గుండె రాయి చేసుకుందన్నారు జనం. ఆ తీగ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడది బెరడులోకి దిగిపోయింది. దాని పైన మాను వాచినట్టు ఉబ్బింది.

నీళ్ళు ఎక్కుతున్నాయి కదా అని బావది ఒకటే పాట. అక్క గొంతు పెంచకుండా చెప్పింది. నీళ్ళు ఎక్కేది లోపలి చెక్కలోంచి, దానికేం కాలేదు. ఆకులు వండిన తిండి దిగేది బెరడులోంచి, ఆ దారిని తీగ నొక్కేసింది. రెంటికీ మధ్య పల్చటి జారుడు పొర ఉంటుంది, మాను లావెక్కేది దానివల్లే, అంటు అతుక్కునేదీ దానివల్లే. లేత రెమ్మల కొసల్ని తీగకి కిందా పైనా బెరడులోకి దూరిస్తే తిండి వాటి మీదుగా దిగుతుంది.

"కత్తి పెడితే ఇంకా తొందరగా చస్తుంది. అయినా మర్చిపోయింది నువ్వేగా."

నోరు జారింది. బావ షెడ్డు అరుగు మీద కూలబడి మొహం కప్పుకున్నాడు.

"అవును, నేనే," అంది అక్క, ఎవరో కుండీ ధర అడిగితే చెప్పినట్టు.

తీగని ముక్కలు చేసి లాగేసింది. రెమ్మలు కోసి రెండు కొసలూ ఏటవాలుగా చెక్కింది. తమ్ముడు ఒకటి అందిస్తే, తలకిందులుగా పట్టుకున్నావంది. తిప్పి ఇచ్చాడు. బెరడు లేపి దూర్చి, సన్నమేకు కొట్టి, మైనం పూసింది. బతుకుతుందా అనడిగాడు. వచ్చే చిగుళ్ళకి తెలుస్తుందంది. అరుగు మీంచి వెక్కిళ్ళు వినపడుతున్నాయి. అక్క అటు చూడలేదు.

"నాకు ఏడుపు రావట్లేదురా. ఇంకా మూడు రెమ్మలు పెట్టాలి. నువ్వెళ్ళి మీ బావ పక్కన కూర్చో."