మచ్చ చూపమన్న అవ్వ

ఉద్యోగం దొరికితే చాలు, అది ఏం ఉద్యోగమో తర్వాత తెలుసుకోవచ్చునని అనుకునే వయసొకటి ఉంటుంది. నాకు ఆ వయసు డెబ్బయ్యవ దశకం మొదట్లో వచ్చింది. మశూచిని తరిమేయడానికి వచ్చిన ఒక విదేశీ ఆరోగ్య సంస్థ వాళ్లు అప్పట్లో నిజామాబాదులో ఒక పాత పెంకుటింట్లో ఆఫీసు పెట్టారు. ఆ ఆఫీసులో నేను టైపిస్టును. టీకాలు వేసేవాళ్లు, ఊరూరూ తిరిగి రోగుల్ని వెతికేవాళ్లు, రోగి ఇంటి ముందు కాపలా కూర్చునేవాళ్లు అందరూ తాత్కాలికమే. వాళ్ల కాంట్రాక్టులు రాయడం, గడువు అయిపోతే పొడిగించడం, ఒక్కొక్కరికీ ఒక ఫైలు పెట్టడం నా పని. (నాదీ మూడు నెలల కాంట్రాక్టే. దాన్నీ నేనే టైపు చేసుకున్నాను. మా బాపు మాత్రం బజార్లో కనిపించిన ప్రతివాడికీ ‘మావోడు దొరల ఆఫీసుల పెద్ద నౌకరిల ఉన్నడు’ అని చెప్పుకునేవాడు.)

ఇంతకీ నా గుండెల్లో ఒక దొంగ కూర్చుని ఉన్నాడు. ప్రతి ఫైల్లోనూ ‘టీకా మచ్చ చూడబడినది’ అని ఒక గడి ఉండేది. మచ్చ లేనివాణ్ణి పనిలో పెట్టుకోరాదు, అబద్ధం రాస్తే ఆ రోజే కాంట్రాక్టు రద్దు. ఈ షరతును టైపు చేసినవాడికి, అంటే నాకు, మచ్చ లేదు. చిన్నప్పుడు టీకాలాయన మా గల్లీలోకి వచ్చినప్పుడల్లా నేను వడ్ల గుమ్మిలోకి దూరేవాణ్ణి. మా నానమ్మ గుమ్మి ముందు పీట వేసుకుని కూర్చుని ‘పోరడు ఊర్ల లేడు’ అనేది. సూదంటే నాకంత భయం. ఉద్యోగంలో చేరిన రోజు మా హెడ్ క్లర్కు హెడ్‌సాబ్ మచ్చ చూపించమంటే, ఎడమ జబ్బ మీద ఎప్పటిదో సెగ్గడ్డ మచ్చ ఉంటే అది చూపించాను. ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నా జబ్బ వైపు కాక గోడ వైపు చూసి ‘ఠీక్ హై’ అన్నాడు. ఆ తర్వాత నేను కూడా అదే పద్ధతి నేర్చుకున్నాను. ఎవరి చేతినీ చూడకుండా అన్ని గడుల్లోనూ ‘చూడబడినది’ అని కొట్టేసేవాణ్ణి.

ఆ చలికాలం బోధన్ వైపు చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి కూలీలు వచ్చారు. కోటగిరి దగ్గర వాళ్ల గుడిసెల్లో ఒకతనికి మశూచి వచ్చింది. గుడిసె గడపలో కాపలాకు ఆ ఊరి ముసలామె ఒకరిని పదిహేను రోజుల కాంట్రాక్టు మీద పెట్టారు. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు. రోగికి ఇంకా పొక్కులు రాలలేదు కాబట్టి ఆమె గడువు పెంచాలి. మామూలుగా ఆ కాగితాలు సూపర్‌వైజరు తీసుకుపోతాడు. ఆ రోజు అతను జ్వరంతో పడుకున్నాడు. హెడ్‌సాబ్ పిలిచి, ‘నువ్ పో. ముసలామె వేలిముద్ర నీ ముందట పడాలె, సాక్షి సంతకం నువ్వే పెట్టాలె. ఇయ్యాల్టితోని పాత కాయిదం ఖతం’ అన్నాడు. అక్కడికి పోతే మచ్చ చూపించాలి. కడుపులో నొప్పిగా ఉందన్నాను. జీపులో పోతే తగ్గుతుందన్నాడాయన.

జీపులో ముందు సీట్లో మా విదేశీ డాక్టరు. తల జీపు పైకప్పుకు తగిలేంత పొడుగు కాబట్టి మేమంతా లంబూసాబ్ అనేవాళ్లం. మా డ్రైవరు చాచా ఆయనకు తెలుగును హిందీలోకీ, హిందీని చేతి సైగల్లోకీ మార్చి చెప్పేవాడు. బోధన్ దాటేదాకా చెరుకు బండ్లు అడ్డం వచ్చిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకొక్క బండి, ఇంకొక్క బండి అని మొక్కుకున్నాను. ఆ రోజు చాచాకు అన్ని బండ్లూ దారి ఇచ్చాయి.

గుడిసె చెరుకు చేను గట్టున విడిగా ఉంది. గడపలో అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. లంబూసాబ్ ఆమె ముందు వంగి, చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాడు. ఆమె వేలితో తడిమి చూసి, ‘ఆ, పో’ అన్నాక లోపలికి వెళ్లాడు. ఎన్నిసార్లు వచ్చినా ఆయనకూ అదే మర్యాదట. లోపల్నుంచి దగ్గు వినిపించింది. నేను జీపు పక్కనే ఆగిపోయాను.

‘అవ్వా, ఇటు రా. వేలిముద్ర వెయ్యాలె’ అని అక్కణ్నుంచే కేకేశాను.

‘నేనెట్లొస్త బిడ్డా? గడప ఇడిసి కదలొద్దని కాయిదంల రాసిండ్రు. మూడోది. సూపరైజరు సదివి చెప్పిండు. నువ్వే రా.’

మూడో షరతు. నేను రాసిందే. నాలుగడుగులు వేశాను.

‘గాడనే ఆగు! మచ్చ సూపియ్యి. మచ్చ సూడంది పదడుగుల్లకు ఎవల్నీ రానియ్యొద్దు. గది నాలుగోది.’

‘అవ్వా, గా కాయిదం రాసింది నేనే.’

‘మంచిగ రాసినవ్. మచ్చ సూపియ్యి.’

ఆమె రాకూడదు, నేను పోకూడదు. రెండూ నా టైపు మిషన్ మీద పుట్టినవే. ఇంకుప్యాడు, కాగితం విసిరేస్తాను, ముద్ర వేసి మళ్లీ విసిరెయ్యమన్నాను. ‘కాయిదం గాలికి చెరుకుల పడితే జిమ్మేదారెవలు?’ అంది. చివరికి చొక్కా చెయ్యి మడిచి దూరం నుంచే సెగ్గడ్డ మచ్చ చూపించాను. ఆమె చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కొంతసేపు చూసింది.

‘గది సెగ్గడ్డ మచ్చ బిడ్డా. ఆరుగురు పిల్లల్ని సాదిన, నాకు తెల్వదా? నీకు టీక వెయ్యలే. ఎనక్కి పో, ఎనక్కి! నీ కాల్మొక్త, తల్లి సల్లగ సూస్తదో సూడదో, గాలికి నిలవడకు!’

ఆమె గొంతులో కోపం లేదు, నిజమైన భయం ఉంది. అది విన్నాకే నాకు అసలు భయం పుట్టింది. అప్పటిదాకా నేను భయపడింది సూదికి, పోయే నౌకరికి. ఆ లోపల ఉన్నదాని గురించి మొదటిసారి ఆలోచించాను. ఉన్నచోటే కూలబడ్డాను. కేకలు విని లంబూసాబ్ బయటికి వచ్చాడు. చాచా ముఖం పక్కకు తిప్పుకుని విషయం చెప్పాడు.

ఆయన అరవలేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, పెట్టెలోంచి రెండు మొనల సూది తీశాడు. గుచ్చుతూ లెక్కపెట్టాడు, పదిహేను పోట్లు. నేను కళ్లు మూసుకుని మా నానమ్మను తలుచుకున్నాను. పదిహేనోది అయ్యాక, ‘నీలాంటివాళ్లు ఇంకెంతమంది?’ అని ఇంగ్లీషులో అడిగాడు. ఒక్కణ్ణేనని అంటే అక్కడితో అయిపోయేది. లోపల్నుంచి మళ్లీ దగ్గు వినిపించేసరికి, ఎవరి చేతినీ చూడకుండానే అందరి ఫైళ్లూ నింపానని చెప్పేశాను. రేపు అందరి చేతులూ తనే చూస్తానన్నాడు ఆయన. అవ్వ వేలిముద్ర చాచా తీసుకొచ్చాడు, సాక్షి సంతకం కూడా ఆయనే ఉర్దూలో పెట్టాడు.

మర్నాడు ఆఫీసులో అందరూ చొక్కా చేతులు మడిచి వరసగా నిలబడ్డారు. ఇద్దరికి మచ్చ లేదు. ఒకతను వర్నిలో రోగుల్ని వెతికేవాడు. ఇంకొకరు మా హెడ్‌సాబ్. (ఆయన సూదిని చూడగానే కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. లేపి వేశారు.) నన్ను మాత్రం లంబూసాబ్ తీసేయలేదు. సంజాయిషీ అడుగుతూ మెమో ఇవ్వమన్నాడు. ఆఫీసులో టైపిస్టును నేనొక్కణ్ణే కాబట్టి నా మీద మెమో నేనే టైపు చేసి, నేనే అందుకుని, జవాబు నేనే రాసి, నా ఫైల్లో నేనే పెట్టుకున్నాను. తర్వాత రెండు వారాలు పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి ముఖమంతా వెతుక్కునేవాణ్ణి. మా బాపు అమ్మతో, ‘పోరడు అద్దం ఇడుస్తలేడు, పిల్లను సూడాలె’ అన్నాడు.

నాకేమీ రాలేదు. ఆ చెరుకు కూలీ కూడా బతికి, ముఖం నిండా గుంటలతో తన ఊరికి నడిచి వెళ్లాడు. అవ్వ కాంట్రాక్టు ముగిసిందన్న ఉత్తరం నేనే తీసుకుపోయి చదివి వినిపించాను. ఆ ఖాళీ గుడిసె గడపలోనే కూర్చుని అంతా విని, ‘అంటే ఇగ ఎవల్నీ ఆపేది లేదా?’ అంది. లేదవ్వా అన్నాను. ‘మంచిదే’ అని లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, గడప దిగి పక్కకు జరిగింది.

తర్వాత సర్కారు ఆఫీసుల్లో ముప్పై ఏళ్లపాటు ఎన్నో షరతులు రాశాను. చదివినవాళ్లను చూశాను, చదివి సందు వెతికినవాళ్లను చూశాను. అక్షరం రాకుండా అక్షరం తప్పనిది ఆ ఒక్క మనిషే. చెరుకు గట్టు మీద కూలబడి వణికిన ఆ ఇరవై ఏళ్లవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. భయపడ్డాడు కాబట్టి నిజం చెప్పాడు. కాస్త ధైర్యం ఉండి ఉంటే ఇంకో అబద్ధం ఆడేవాడు.